రెండు డిస్కులున్నా సిస్టమ్ లేవలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో చిన్న వ్యాపారాల వాళ్లకి కంప్యూటర్ జాగ్రత్తలు అని ఒక పేజీ వేశారు. మంచి పనే. పాస్‌వర్డుల గురించీ, యూపీఎస్ గురించీ రాసినవన్నీ పనికొచ్చేవే. ఒక్క వాక్యం దగ్గర మాత్రం తాగుతున్న టీ పొలమారింది. రెండు హార్డ్ డిస్కులు పెట్టి మిర్రర్ చేసుకుంటే, అంటే రాసేదంతా రెండిటి మీదా ఒకేలా పడేలా చేసుకుంటే, ఒకటి పోయినా రెండోదానితో పని ఆగకుండా నడుస్తుంది, ఇక నిశ్చింత అని రాశారు. నడుస్తున్నది నడుస్తుంది, ఒప్పుకుంటాను. ఆగిపోయింది మళ్లీ లేస్తుందా అనేది వేరే సంగతి, దాని గురించి మీ పేజీలో ఒక్క ముక్క లేదు. ఆ ముక్క లేకపోవడం వల్ల నేను ఒక రాత్రంతా మిల్లులో కూర్చోవాల్సి వచ్చింది కాబట్టి ఈ ఉత్తరం.

నేను తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైస్ మిల్లులు, ఒకటి రెండు స్కూళ్లు, ఒక రక్తపరీక్షల ల్యాబు, వీటి కంప్యూటర్లు చూస్తుంటాను. ఇరవై ఏళ్ల పైబడి ఇదే పని. 2016 నవంబరులో, ఒక పక్క నోట్ల రద్దు గొడవ, ఇంకో పక్క సార్వా కోతలు, ఒక మిల్లులో రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ అప్పటికే ముసలిదైపోయి పది నిమిషాలకే చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక సిస్టమ్ ఆన్ చేస్తే నల్ల తెర మీద ఒక చిన్న గీత మిణుకుమంటూ కూర్చుంది, అంతే. బయట ట్రాక్టర్లు వరసలో ఉన్నాయి. కాటా చీటీలన్నీ ఆ సిస్టమ్‌లోంచే రావాలి. మిల్లు యజమాని పెద్దాయన, ఫోన్ చేసి తిట్టలేదు, ఒకటే అడిగారు. "ఏమయ్యా, రెండు డిస్కులు పెట్టానన్నావు కదా, ఆ రెండోది ఏం చేస్తోంది?"

వస్తున్నానండీ అని బండి తీశాను గానీ దారంతా నాకూ అదే ప్రశ్న.

వెళ్లి మూత తీసి చూస్తే మొదటి డిస్కు చచ్చి చాలా రోజులైంది. ఆ రాత్రి చావలేదు అది. డిస్కు పోయినప్పుడు సిస్టమ్ ఆన్‌లోనే ఉంది, మిర్రర్ తన పని తాను చేసింది, రెండో డిస్కు మీద నడుస్తూనే ఉంది, ఎవరికీ ఏ తేడా తెలియలేదు. ఆ సిస్టమ్‌లో ఉన్నది లినక్స్, విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్‌లో ఎమ్‌డీఆడ్మ్ అనే ప్రోగ్రామ్ ఈ మిర్రర్‌ని కాపలా కాస్తుంది, డిస్కు పోగానే మెయిల్ పంపుతుంది, డెబియన్ అనే లినక్స్ రకంలో అయితే బాగు చేసేదాకా రోజుకొకటి చొప్పున పంపుతూనే ఉంటుంది. పంపింది కూడా. ఎవరికి? అదే సిస్టమ్‌లోని రూట్ అనే ఖాతాకి. ఆ ఖాతా మెయిల్ తెరిచే నాథుడు లేడు. తరవాత తెరిచి చూస్తే నలభైకి పైగా ఉత్తరాలు, అన్నీ ఒకటే మాట, మిర్రర్ సగమే ఉంది, మిర్రర్ సగమే ఉంది అని. మన బయటి మెయిల్‌కి అవి వచ్చేలా సెట్ చేయడం నా పనే, నేనే చేయలేదు.

సరే, రెండో డిస్కులో డేటా అంతా భద్రంగా ఉంది కదా, మరి సిస్టమ్ ఎందుకు లేవలేదు? కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డులోనే ఉండే బయోస్ అనే ప్రోగ్రామ్ డిస్కులో మొట్టమొదటి సెక్టారు, అంటే మొదటి చిన్న గడి, చదువుతుంది. అది 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ లోడర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్, దాని తొలి ముక్కకి, 64 బైట్లు పార్టిషన్ల (డిస్కుని విడగొట్టిన భాగాల) పట్టికకి, చివరి 2 బైట్లు ఇది బూట్ అయ్యే డిస్కే అని చెప్పే గుర్తుకి. ఆ 446 బైట్లలో ఏం పడుతుంది, వెనకున్న రెండో ముక్కని లాక్కొచ్చేంత కోడ్ మాత్రమే పడుతుంది. గ్రబ్ అనే బూట్ లోడర్ ఆ రెండో ముక్కని మొదటి సెక్టారుకీ మొదటి పార్టిషన్‌కీ మధ్యనున్న ఖాళీ జాగాలో దాచుకుంటుంది. మనం మామూలుగా మిర్రర్ చేసేది పార్టిషన్లని. అంటే తొలి సెక్టారూ ఆ ఖాళీ జాగా రెండూ మిర్రర్ బయటే ఉండిపోతాయి, వాటిని ఎవరూ కాపీ చేయరు. రెండు ఇళ్లు అచ్చు ఒకేలా కట్టించి గుమ్మం ఒక్క ఇంటికే పెట్టినట్టు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గ్రబ్‌ని ఏ డిస్కు మీద పెట్టమంటావు అని అడిగింది, మొదటిదాన్ని ఎంచుకుని ఎంటర్ కొట్టాను, ఆ పూట ఎంటర్ కొట్టింది నాకు గుర్తు కూడా లేదు.

ఆ రాత్రి పెన్ డ్రైవ్‌తో సిస్టమ్ లేపి, బతికున్న డిస్కు మీద గ్రబ్ పెట్టి, పదిన్నరకి కాటా మొదలుపెట్టించాను. మర్నాడు ఏలూరు వెళ్లి కొత్త డిస్కు తెచ్చి మిర్రర్‌లో కలిపితే, ఒక టెరాబైటు, పాతదంతా కొత్తదానికి ఎక్కడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అవలేదు, ఆ సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం, మిర్రర్ డిస్కులున్న సిస్టమ్‌కి ఏ బూట్ లోడర్ నమ్మదగినది అని. పాతవాళ్లని అడిగితే లిలో అంటారు. నాకూ అదంటే ఇష్టమే. లేచేటప్పుడు ఎల్, ఐ, ఎల్, ఓ అని ఒక్కో అక్షరం తెర మీద వేసేది, ఎక్కడ ఆగితే అక్కడ జబ్బు. ఎల్ఐ దగ్గర ఆగిందంటే రెండో ముక్క వచ్చింది గానీ నడవలేదు అని అర్థం. ఇంత ముక్కుసూటిగా మాట్లాడే ప్రోగ్రామ్ నేను మళ్లీ చూడలేదు. పైగా మిర్రర్ సంగతి దానికి తెలుసు, ఒక లైను రాస్తే రెండు డిస్కుల తొలి సెక్టారులోనూ తనంతట తనే ఎక్కేది. దాని పద్ధతి కూడా మోటే, ఫైల్ సిస్టమ్ గొడవ లేదు, కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) డిస్కులో ఏయే సెక్టార్లలో ఉందో ముందే చిట్టా రాసి పెట్టుకుంటుంది, లేచేటప్పుడు ఆ చిట్టా ప్రకారం చదివేస్తుంది. అదే దాని కొంప ముంచింది. కెర్నెల్ అప్‌డేట్ చేసి లిలో మళ్లీ నడపడం మర్చిపోయావా, చిట్టా పాతది, సెక్టార్లు కొత్తవి, సిస్టమ్ లేవదు. బయోస్ బదులు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతితో వచ్చే మదర్‌బోర్డుల మీద అది పని చేయదు, 2015 డిసెంబరుతో దాని అభివృద్ధి కూడా ఆపేశారు. ఇప్పుడు కొత్త సిస్టమ్‌కి లిలో పెట్టమని నేను చెప్పను.

తరవాత పాత గ్రబ్, 0.97 అనే వెర్షను. దానికి మిర్రర్ అంటే ఏమిటో తెలియదు. మిర్రర్‌లో ఒక సగాన్ని మామూలు పార్టిషన్ అనుకుని చదివేసుకుంటుంది. అది కుదరాలంటే మిర్రర్ తన వివరాలు రాసుకునే బ్లాకు పార్టిషన్ చివర ఉండాలి, అంటే 0.90 రకమో 1.0 రకమో అయ్యుండాలి. ఇప్పుడు మామూలుగా వచ్చే 1.2 రకంలో ఆ బ్లాకు మొదట్లోనే, 4 కిలోబైట్ల దగ్గర కూర్చుంటుంది, పాత గ్రబ్ దాన్ని చూసి తికమక పడుతుంది. ఇంకో తిప్పలు ఏమిటంటే, మొదటి డిస్కు పోతే రెండోది బయోస్ దృష్టిలో మొదటిది అయిపోతుంది కదా, అందుకని రెండో డిస్కు మీద పెట్టేటప్పుడు నువ్వే మొదటిదానివి అని గ్రబ్‌కి అబద్ధం చెప్పి పెట్టాలి. ఈ కిటుకు తెలియక ఎన్ని సిస్టమ్‌లు మొరాయించాయో.

2012లో 2.00గా వచ్చిన కొత్త గ్రబ్‌కి ఈ బాధలు లేవు. మిర్రర్ తెలుసు, 1.2 రకం తెలుసు, డిస్కుల వరస మారినా గుర్తింపు నంబరు పట్టుకుని వెతుక్కుంటుంది. ఈ రోజున నన్నడిగితే బయోస్ సిస్టమ్‌లకి ఇదే పెట్టమంటాను. ఒక లోపం ఉంది, మిర్రర్ నుంచి చదవగలదు గానీ దాని మీద రాయలేదు. కిందటిసారి ఏ కెర్నెల్ ఎంచుకున్నావో గుర్తు పెట్టుకో అనే సెట్టింగ్ పెడితే డిస్క్‌ఫిల్టర్ రైట్స్ ఆర్ నాట్ సపోర్టెడ్ అని ఒక ఎర్రర్ చూపించి, ఏదో ఒక కీ నొక్కు అంటుంది. కొంప మునిగేదేం కాదు, ఆ సెట్టింగ్ తీసేస్తే పోతుంది, కానీ పొద్దున్నే ఆ ఎర్రర్ చూసి గుమాస్తా నాకు ఫోన్ చేస్తాడు.

ఇక ముందు ఆపిన సంగతి. 2020 జులై 29న గ్రబ్‌లో బూట్‌హోల్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడింది, డెబియన్, ఉబుంటు, రెడ్‌హ్యాట్, ఇలా లినక్స్ రకాల వాళ్లందరూ అప్‌డేట్ వదిలారు. కరోనా రోజులు, ఇంట్లోంచే మిల్లు సిస్టమ్‌కి ఆ అప్‌డేట్ ఎక్కించాను. నాలుగు రోజుల తరవాత కరెంటు పోయి వచ్చింది. ఈసారి నల్ల తెర కాదు, గ్రబ్_క్యాలాక్ అనే సింబల్ దొరకలేదు అని ఒక ముక్క, దాని కింద గ్రబ్ రెస్క్యూ అని ప్రాంప్టు. రెండు డిస్కులూ శుభ్రంగా ఉన్నాయి. రెండిటి మీదా గ్రబ్ ఉంది, నా చేత్తో నేనే పెట్టాను. మరి ఏమైంది?

ఇది అర్థం కావడానికి నాకు రెండు గంటలు పట్టింది, టీలు నాలుగు. డెబియన్‌లో గ్రబ్ ప్యాకేజీ దగ్గర ఒక జాబితా ఉంటుంది, అప్‌డేట్ వచ్చినప్పుడు ఏయే డిస్కుల తొలి సెక్టారులో కొత్త గ్రబ్ రాయాలి అని. 2016లో ఆ రాత్రి బతికున్న డిస్కుకి ఒక్కదానికే అందులో టిక్ పెట్టాను. కొత్త డిస్కు వచ్చాక దాని మీద గ్రబ్ చేత్తో ఎక్కించానే తప్ప జాబితాలో దానికి టిక్ పెట్టలేదు. నాలుగేళ్లు ఏం కాలేదు, ఎందుకంటే పెద్దగా ఏమీ మారలేదు. బూట్‌హోల్ అప్‌డేట్‌తో గ్రబ్ లోపలి మాడ్యూళ్లు, అంటే అది అవసరానికి తెరుచుకునే చిన్న చిన్న ఫైళ్లు, మారాయి. అవి మిర్రర్ లోపలే ఉంటాయి కాబట్టి రెండు డిస్కులకీ కొత్తవే. తొలి సెక్టారు వెనకాల దాచే ముక్క మాత్రం టిక్ ఉన్న డిస్కు మీద కొత్తది, టిక్ లేని డిస్కు మీద 2016 నాటిది. బయోస్ లేపింది టిక్ లేని డిస్కుని. పాత ముక్క కొత్త మాడ్యూల్‌ని తెరవబోయింది, ఆ మాడ్యూల్ అడిగిన సింబల్ (కోడ్‌లో ఒక పనికి పెట్టిన పేరు) పాత ముక్క దగ్గర లేదు, నోరు తెరుచుకుని నిలబడింది. బూట్ మెనూలో రెండో డిస్కుని ఎంచుకోగానే సిస్టమ్ నిమిషంలో లేచింది. ఆ వారం ప్రపంచమంతా చాలామందికి ఇదే ఎర్రర్ వచ్చిందని తరవాత చదివి కాస్త ఊరట పడ్డాను.

అందుకే నేను బూట్ లోడర్ ఎంచుకునేటప్పుడు చూసే మొదటి గుణం ఇది: అప్‌డేట్ వచ్చినప్పుడు నేను గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా రెండు డిస్కుల మీదా తనే ఎక్కుతుందా లేదా. ఎంత గొప్ప లోడరైనా, చేత్తో రెండోసారి ఎక్కించాల్సిందైతే ఏదో ఒక రోజు మర్చిపోతాం. డెబియన్‌లో, ఉబుంటులో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ అని కొడితే ఆ జాబితా వస్తుంది, రెండు డిస్కులకీ టిక్ పెట్టాలి. డిస్కు మార్చిన ప్రతిసారీ మళ్లీ తెరిచి చూడాలి, ఎందుకంటే అది డిస్కుని సీరియల్ నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది, చచ్చిన డిస్కు నంబరు అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు షాపుల్లో దొరికే బోర్డులన్నీ యూఈఎఫ్ఐవే కాబట్టి దాని గురించీ చెప్పాలి. అక్కడ తొలి సెక్టారు గొడవ లేదు, దాని బదులు ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్ ఉంటుంది, ఫ్యాట్ అనే పాత తేలికపాటి ఫైల్ సిస్టమ్‌తో, బోర్డు నేరుగా అందులోంచి బూట్ లోడర్ ఫైలు చదువుకుంటుంది. బోర్డుకి మన మిర్రర్ గురించి ఏమీ తెలియదు. కొంతమంది తెలివిగా ఈఎస్‌పీని కూడా 1.0 రకం మిర్రర్‌లో పెడతారు, వివరాల బ్లాకు చివరికి పోతుంది కాబట్టి బోర్డుకి అది మామూలు ఫ్యాట్‌లాగే కనిపిస్తుంది. పని చేస్తుంది. కానీ బోర్డుగానీ, పక్కనున్న ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌గానీ ఎప్పుడైనా ఒక పక్క ఏదైనా రాసిందంటే రెండు సగాలూ వేరైపోతాయి, మిర్రర్‌కి ఆ సంగతి తెలియదు. నాకు ఆ పద్ధతి నచ్చదు. రెండు డిస్కుల మీదా వేర్వేరు ఈఎస్‌పీలు పెట్టి, రెండిటిలోకీ ఎక్కించే పని ప్యాకేజీకి అప్పగించడమే నయం. ఉబుంటు 20.04 నుంచి గ్రబ్ ప్యాకేజీలోనే ఒకటికి మించి ఈఎస్‌పీలు ఎంచుకోవచ్చు. ఒకే మెషీన్ మీద చాలా సిస్టమ్‌లు నడిపే ప్రాక్స్‌మాక్స్ వాడేవాళ్లకి ఇదే పని చేసే టూల్ అందులోనే ఉంది. సిస్టమ్‌డీ-బూట్ అనే ఇంకో బూట్ లోడర్ చాలా తేలికైనది, నాకు ముచ్చటేస్తుంది, కాకపోతే అందులో కెర్నెలే ఈఎస్‌పీలో ఉంటుంది, ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌కీ రెండో ఈఎస్‌పీలోకి కాపీ చేసే ఏర్పాటు మనం చూసుకోవాలి. ఏది పెట్టినా బూట్ మెనూలో రెండు డిస్కులకీ వేర్వేరు ఎంట్రీలు ఉండాలి, బోర్డు తన ఎంట్రీలు మర్చిపోతే వెతికే ఈఎఫ్ఐ బూట్ ఫోల్డర్‌లో కూడా లోడర్ ఒక కాపీ ఉండాలి. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయి సెట్టింగులు పోయిన సిస్టమ్ చూసినవాళ్లకి ఈ కాపీ విలువ తెలుస్తుంది.

ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, వాళ్ల జీమిర్రర్ పార్టిషన్‌ని కాకుండా డిస్కు మొత్తాన్నే మిర్రర్ చేయగలదు, తొలి సెక్టారుతో సహా, అది చూస్తే అసూయ కలుగుతుంది. దానికీ జీపీటీ అనే కొత్తరకం పార్టిషన్ల పట్టికకీ డిస్కు చివరి సెక్టారు దగ్గర తగువు ఉందనుకోండి. మా మిల్లుల్లో అది వాడేవాళ్లు లేరు కాబట్టి దాన్ని అక్కడే వదిలేస్తున్నాను.

ఇవన్నీ సరిగ్గా పెట్టామా లేదా తెలియాలంటే ఒకటే దారి, కేబుల్ పీకి చూడటం. సిస్టమ్ ఆపి, మొదటి డిస్కు కేబుల్ పీకి, ఆన్ చేయాలి. లేచిందా, ప్రాక్ ఎమ్‌డీస్టాట్ అనే ఫైలు చూడండి. మామూలప్పుడు అందులో బ్రాకెట్ మధ్య రెండు యూ అక్షరాలు పక్కపక్కన ఉంటాయి, ఒక డిస్కు లేకపోతే దాని చోట కింద గీత పడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త, ఇది చాలామంది చెప్పరు. ఆ తరవాత సిస్టమ్ ఆపి, పీకిన కేబుల్ పెట్టేసి, వెంటనే రెండోది పీకి ఆన్ చేయకండి. అలా చేస్తే రెండు డిస్కులూ విడివిడిగా నడిచినట్టు అవుతుంది, ఎవరి దగ్గర వాళ్ల కొత్త మార్పులు ఉంటాయి, మళ్లీ కలిపినప్పుడు ఏది నిజమో తేల్చడం మన వల్ల కాదు. మొదటిది పెట్టి, మిర్రర్‌లో మళ్లీ కలిపి, మూడు గంటలైనా సరే రెండు యూలు కనపడేదాకా ఆగి, అప్పుడు రెండోది పీకాలి. ఒక పూట పోతుంది. ఇది మొదలుపెట్టే ముందు బ్యాకప్ వేరే డిస్కు మీదకి తీసి పెట్టుకోండి, తప్పు ఫైలు తీసేస్తే మిర్రర్ దాన్ని రెండు చోట్లా ఒకేసారి తీసేస్తుంది.

కేబుల్ పరీక్ష నెగ్గినా ఒక జబ్బుకి మందు లేదు. డిస్కు పూర్తిగా చావకుండా సగం చచ్చి, తొలి సెక్టారు చదవబోతే గంటలు గంటలు గిలగిల్లాడేది ఒకటి ఉంటుంది. బయోస్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది, రెండోదాని దగ్గరికి పోదు. అప్పుడు ఏ బూట్ లోడరూ ఏమీ చేయలేదు, మనిషి వెళ్లి ఆ కేబుల్ పీకాల్సిందే. అందుకని మిల్లు గుమాస్తాకి డిస్కుల మీద ఒకటి, రెండు అని స్టిక్కర్లు అంటించి చూపించాను. ఏది పీకమంటే అది పీకి నాకు ఫోన్ చేస్తాడు, పోయినేడు ఒకసారి నేను పెళ్లిలో ఉండగా అలాగే గట్టెక్కాం.

కొత్తగా రెండు డిస్కుల సిస్టమ్ కొనేవాళ్లకి, డబ్బులు ఇచ్చే ముందు షాపులోనే మీ కళ్లముందు ఒక కేబుల్ పీకి ఆన్ చేసి చూపించమని అడగండి. ఈ మధ్య ల్యాబు వాళ్లతో వెళ్లి నేను అలా అడిగితే షాపతను "డిస్కు కొత్తదండీ, ఎందుకు పీకడం" అన్నాడు. పీకించాను. లేవలేదు. అతను తల గోక్కుని లోపలికి తీసుకెళ్లి అరగంటలో సరిచేసి తెచ్చాడు, మళ్లీ పీకితే లేచింది, అప్పుడు బిల్లు కట్టాం.

సంపాదకులకి ఒక మనవి. ఉత్తరం పొడుగైందని తెలుసు. చోటు చాలకపోతే లిలో గురించి రాసింది తీసేయండి, నేనేమీ అనుకోను. కేబుల్ పీకే పద్ధతీ, మూడు గంటలు ఆగాలన్న మాటా మాత్రం విడదీయకుండా కలిపి వేయండి, సగం వేస్తే ఎవరిదో ఒకరిది డేటా పోతుంది.

— ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం